ఎడమ చెయ్యి చాపు, హెట్టీ

మా నాన్న సిరిల్ 1946లో కారు కోసం పేరు రాయించాడు. కొత్త కార్లన్నీ ఓడలెక్కి పరదేశాలకు పోతున్న రోజులవి. మా ఊరు కవెంట్రీలో, మా వీధి చివరే కార్లు తయారవుతున్నా, మాకు దక్కాలంటే ఏళ్ళ తరబడి వరసలో ఉండాల్సిందే.

ప్రతి ఆదివారం నాన్న వంటింట్లో రెండు కుర్చీలు పక్కపక్కన వేసి, పళ్ళేన్ని స్టీరింగులా తిప్పేవాడు. ఎడమ కుర్చీలో అమ్మ. "మలుపొస్తోంది. ఎడమ చెయ్యి చాపు, హెట్టీ," అనేవాడు. అమ్మ చాపేది. అలా ఆరేళ్ళపాటు గడప దాటకుండానే బార్మత్ ఊళ్ళో సముద్రం చూసొచ్చారు. "విల్ఫ్, నువ్వూ వెనక కుర్చీ వేసుకోరా," అని పిలిచేవారు. నేను నవ్వి వెళ్ళిపోయేవాణ్ణి.

1952 జనవరిలో నాన్న పోయాడు. అక్టోబరులో కారొచ్చిందని ఉత్తరం. మనిషి లేడని తెలిస్తే బండి వరసలో తర్వాతివాడికి పోతుంది. నా బుద్ధి గడ్డి తింది. నాన్న సంతకం నేనే పెట్టాను.

ఆదివారం మధ్యాహ్నం అమ్మను ఎక్కించుకుని బయల్దేరాను. పొగమంచు. ఊరు దాటగానే, కారు ఎడమ పక్కనుంచి, మలుపు చూపే చిన్న సిగ్నల్ చెయ్యి టక్కున లేచింది. దాని నారింజ దీపం వెలిగింది. మీట నేను ముట్టుకోలేదు. అమ్మ మీదుగా వంగి, అది దాగుండే తలుపు పక్క కమ్మీని పిడికిలితో గుద్దాను. పడింది. మళ్ళీ లేచింది. ఎక్కడినుంచో నాన్న పైపు పొగాకు వాసన...

"మీ నాన్న ఎడమకంటున్నార్రా," అమ్మ గుసగుసగా అంది.

"ఊరుకోమ్మా. ఏదో వైరు వదులైంది."

"బార్మత్‌కి ఎడమకేగా. ఆరేళ్ళు ఎదురుచూశారు, పాపం."

ఇంజను ఆగిపోయింది. స్టార్టర్ పలకలేదు. ముందునుంచి ఇంజను తిప్పే ఇనప హ్యాండిల్ తీసుకుని దిగాను. ముందుకెళ్ళి వంగాను... ఇంకా దూర్చనేలేదు... ఇంజను అందుకుంది.

కారు కదిలింది. నన్ను తప్పించుకుని, నెమ్మదిగా. అమ్మ వైపు తలుపు పట్టుకుని లాగాను. రాలేదు. అమ్మ ఖాళీ సీటు వైపు తిరిగి, కొత్త పెళ్ళికూతురిలా నవ్వుతోంది. కిటికీలోంచి ఎడమ చెయ్యి చాపింది.

పరిగెడుతూనే ఆ చెయ్యి పట్టుకున్నాను. "అమ్మా... దిగమ్మా..."

ఆమె మెల్లగా విడిపించుకుంది.

మంచులో నారింజ దీపం... తర్వాత అదీ లేదు.

మర్నాడు కారు బార్మత్ ఇసుకలో దొరికింది. అమ్మ దొరకలేదు. కానిస్టేబుల్ ఇంటికొచ్చి బండి కాగితం చూశాడు. "బండి సిరిల్ గారిదిగా. ఆయన్ని పిలవండి," అన్నాడు. అయ్యో, ఆయన బతికే ఉన్నాడని రాసిచ్చింది నేనేగా.

అతను వెళ్ళాక వంటింట్లోకి నడిచాను. నాన్న పోయిన రోజే నేను గోడకు చేర్చిన కుర్చీలు రెండూ మళ్ళీ పక్కపక్కన ఉన్నాయి. కుడి కుర్చీలో పళ్ళెం, దాని అంచున తడి ఇసుక.

వాటి వెనక నా కుర్చీ వేసి ఉంది.