తోకలేని ఎంజైమ్, ఆవ పెట్టిన బూరె

"నీ గొంగళిపురుగులు నా మొక్కల్ని తినేశాయి!"

గ్రీన్‌హౌస్ తలుపు దగ్గర టోర్బెన్ ఆమెతో అన్న మొదటి మాట అది. ఆమె పేరు హెన్రికె అని కూడా అతనికి అప్పటికి తెలియదు. ఆమె చేతిలో ఖాళీ పురుగుల డబ్బా ఉంది కాబట్టి దోషి ఎవరో మాత్రం తెలిసిపోయింది.

"తినక ఏం చేస్తాయి?" అంది ఆమె ట్రేలోకి తొంగిచూసి. ఒక ఆకు తుంచి నమిలింది. "ఛీ, ఘాటే లేదు. ఆవ జాతి మొక్కని ఇంత చప్పగా ఎలా పెంచావయ్యా?"

"ఘాటు అడ్డు రాకూడదని కావాలనే తీసేశాం. అవి ల్యూసిన్ ప్రయోగానివి!"

"ఓహో. కింది అంతస్తా?"

"నువ్వు పై అంతస్తా?"

ఇద్దరూ ఒక అడుగు వెనక్కి వేశారు. యెనా ఊళ్ళోని ఆ పరిశోధనా సంస్థలో ఆ రెండు అంతస్తులకీ మాటల్లేవు. మొక్క తన ఒంటికి కావలసిన ల్యూసిన్ అనే అమైనో ఆమ్లాన్ని ఎలా తయారుచేసుకుంటుందో కింద ప్రొఫెసర్ క్వాంట్ గారు చూస్తారు. అదే మొక్క పురుగుల నోరు మండించే ఘాటును ఎలా తయారుచేసుకుంటుందో పైన ప్రొఫెసర్ ఆలెర్స్ గారు చూస్తారు. ఈ రెండు పనులూ చేసే ఎంజైములు ఒకే కుటుంబానివని తేలింది. తేలిన రోజు నుంచే గొడవ. ఉమ్మడి వ్యాసంలో ఎవరి పేరు ముందుండాలి? మొక్కకి లేని పేచీ ఈ మహానుభావులకి వచ్చింది. లిఫ్టులో ఒకరు కనిపిస్తే రెండోవారు వంగి బూటు లేసు కట్టుకుంటూ ఉండిపోతారు.

ఆ సంస్థలో తప్పు చేసినవాళ్ళు కేకు తేవాలి. అది ఎక్కడా రాసిలేని చట్టం. మర్నాడు హెన్రికె గసగసాల కేకు తెచ్చింది. ఏ అంతస్తుకీ ద్రోహం జరగకుండా ఇద్దరూ మధ్య మెట్ల మీద కూర్చుని తిన్నారు.

మళ్ళీ కేకు తినాలంటే మళ్ళీ తప్పు జరగాలి కదా. టోర్బెన్ ఆమె గాజు గొట్టం పగలగొట్టాడు. ఆమె అతని కుండీలు తారుమారు చేసింది. ఆ శీతాకాలం ఇద్దరికీ పొరపాట్లు బాగా పెరిగాయి. ఇద్దరూ కాస్త ఒళ్ళు కూడా చేశారు.

ఒకరోజు కిటికీ బయట మంచు కలిసిన వాన పడుతోంది. కేకు ముక్క చేత్తో పట్టుకుని హెన్రికె అంది: "మీ ఎంజైముకి తోకుంది, తెలుసుగా?"

"తెలియకపోవడమేంటి? ల్యూసిన్ చాలినంత తయారవగానే ఆ ల్యూసినే వచ్చి తోక పట్టుకుంటుంది. ఎంజైము ఆగిపోతుంది. ఎంత క్రమశిక్షణ!"

"మాది దాని చెల్లెలే. ఎప్పుడో తోక తెగిపోయింది. ల్యూసిన్ ఎంతున్నా దాన్ని ఆపలేదు. దాని పని అది చేసుకుపోతుంది." అతని ముఖంలోకి చూసింది. "నువ్వు అచ్చం మీ ఎంజైమువే. మాట నోటిదాకా వస్తుంది, అంతలో ఎవరో తోక పట్టుకుంటారు."

టోర్బెన్ చెవులు ఎర్రబడ్డాయి. అతనికి ఆమె అంటే ప్రాణం. ఆ సంగతి చెప్పడానికి నోరు తెరిచాడు, కేకు పెట్టుకుని మూసేశాడు.

"నెదర్లాండ్స్‌లో ఉద్యోగం ఇస్తామన్నారు," అంది ఆమె. "చలికాలం చివర్లో మన కార్నివాల్ పండగ ఉందిగా, ఆ సోమవారం సాయంత్రంలోగా జవాబు చెప్పాలి."

"మంచిది. అక్కడ సైకిల్ దారులు బాగుంటాయట."

హెన్రికె అతన్ని ఒక్క క్షణం చూసి, లేచి వెళ్ళిపోయింది. ఆమె వెళ్ళాక టోర్బెన్ తన తల తానే గోడకేసి కొట్టుకున్నాడు.

కార్నివాల్ సోమవారం వచ్చింది. రెండు అంతస్తులూ కలిసి బూరెలు తిని తీరాలని డైరెక్టరమ్మ హుకుం జారీచేసింది. లోపల ప్లమ్ జామ్ పెట్టి, నూనెలో వేయించి, పైన చక్కెర చల్లిన బూరెలు. ఆనవాయితీ ప్రకారం ఒక్కదాంట్లో మాత్రం జామ్ బదులు ఆవముద్ద ఉంటుంది. అది తగిలినవాళ్ళు కుర్చీ ఎక్కి ప్రసంగం చెయ్యాలి. వేయించింది హెన్రికె.

"చక్కెర మీద నా వేలిముద్ర ఉన్నది నీది," అని టోర్బెన్ చెవిలో చెప్పింది. "ఈసారైనా నోరు విప్పు."

టోర్బెన్ ఆ బూరె కోసం చెయ్యి చాచాడు. అంతలో వెనకనుంచి వచ్చిన పెద్ద చెయ్యి ఆ బూరెనే తీసుకుంది.

"పెద్దవాళ్ళు ముందు బాబూ," అన్నారు ప్రొఫెసర్ ఆలెర్స్ గారు. సగం బూరె ఒక్కసారే కొరికారు.

ఆయన జీవితమంతా ఘాటు మీదే పరిశోధన చేశారు గానీ, ఘాటు ఆయన మీద పరిశోధన చెయ్యడం ఇదే మొదలు. ముఖం ఎర్రబడింది. ఆవ తగిలిందని ఒప్పుకుంటే క్వాంట్ గారి ముందు తనే మొదట మాట్లాడాలి. అంతకన్నా చావు నయమనుకుని గుటుక్కున మింగేశారు. కళ్ళ వెంట నీళ్ళు ధారకట్టాయి.

క్వాంట్ గారు చూశారు. "ఆలెర్స్ గారూ, ఏడుస్తున్నారా? మన గొడవ తలుచుకునా?"

ఆలెర్స్ గారు నోరు తెరవకుండానే తల ఊపారు.

"అయ్యో, మీ మనసింత మెత్తనా! వ్యాసంలో మీ పేరే ముందు వేద్దాం!" అంటూ క్వాంట్ గారు ఆయన్ని కావలించుకున్నారు. గదంతా చప్పట్లు. ఇన్ని సమావేశాలూ చేయలేని పని ఒక చెంచాడు ఆవ చేసింది.

"మరి ఆవ ఎవరికొచ్చింది?" అంది డైరెక్టరమ్మ.

అందరూ ఒకరి బూరె ఒకరు చూసుకున్నారు. ఆలెర్స్ గారు క్వాంట్ గారి భుజం మీంచి పైకప్పు చూస్తున్నారు. హెన్రికె తలవంచుకుని ఖాళీ పళ్ళెం తీసుకుని తలుపు వైపు నడిచింది.

టోర్బెన్ ఆ బూరె పోయాక తను తీసుకున్న ఇంకోదాన్ని కొరికి, కుర్చీ ఎక్కాడు. "నాకొచ్చింది!"

అందరూ తిరిగారు.

"హెన్రికె, ఆ గాజు గొట్టం నా చెయ్యి జారి పగల్లేదు. నేనే గోడకేసి కొట్టాను. అన్ని తప్పులూ కావాలనే చేశాను. సైకిల్ దారుల గురించి నాకేం తెలీదు. నువ్వంటే ప్రేమని మాత్రం తెలుసు. ఉద్యోగం మానుకోమనను. నన్ను వదిలి వెళ్ళకు, అంతే."

హెన్రికె పళ్ళెం బల్ల మీద పెట్టి వచ్చింది. అతని గడ్డం మీద వేలితో తుడిచి చూసింది.

"ఆవ ఇంత ఎర్రగా ఉంటుందా?"

"అది... ప్లమ్ జామ్."

"అంటే ఆవ తగలకుండానే ఇదంతా అన్నావా?"

"అన్నాను."

ఆమె కళ్ళలో నీళ్ళు తిరిగాయి. వాటికి ఆవతో సంబంధం లేదు. "నాతో పాటు ల్యూసిన్ తెలిసినవాళ్ళు ఒకరు కావాలన్నారు నెదర్లాండ్స్ వాళ్ళు. నీ పేరు చెప్పాలని ఎప్పట్నుంచో కాచుకుని కూర్చున్నాను, మహానుభావా."

"ముందే చెప్పొచ్చుగా!"

"చెప్తే నీ తోక తెగేదా?"

టోర్బెన్ కుర్చీ దిగకుండానే వంగి ఆమెని ముద్దుపెట్టుకున్నాడు. ఈసారి ఎవరూ ఆపలేదు.

"ఎవరైనా కాసిని నీళ్ళివ్వండి బాబూ," అని మూలనుంచి ఆలెర్స్ గారి గొంతు సన్నగా వినిపించింది. ఆ ఇద్దరికి మాత్రం వినపడలేదు.