సాయంత్రానికి ఇంటికొచ్చే కాలేజీలు

పొద్దున్నే గౌరవ్వకు తల దువ్వడం నిరోష పని. మంచం పక్కన స్టూలు వేసుకొని, తల్లి కుడిచెయ్యి కింద చిన్న దిండు పెట్టి, చిక్కులు ఒక్కొక్కటే విడదీస్తుంది. ఏడాది కిందట పక్షవాతం వచ్చి గౌరవ్వకు కుడివైపు పడిపోయింది. మాట మాత్రం మిగిలింది. కాస్త ముద్దగా, నెమ్మదిగా వస్తుంది గానీ పదును తగ్గలేదు.

"జల్ది కానియ్యి. బస్సు పోతది నీకు," అంది గౌరవ్వ.

"పోతే ఇంకోటి వస్తది తీయమ్మా. ఎల్లారెడ్డి నుంచి కామారెడ్డికి బస్సులకేం తక్కువ?"

ఆ రోజు నిరోష కామారెడ్డిలో నర్సింగ్ కాలేజీలో చేరాలి. పొద్దున పోయి సాయంత్రానికి వచ్చేయొచ్చు. బడికి పోయే నాటి నుంచి డాక్టరు కావాలనుకున్న పిల్ల, నీట్ రెండుసార్లు రాసిన పిల్ల, ఈ మాట తనకు తాను చాలాసార్లు చెప్పుకుంది. ఎన్నిసార్లు చెప్పుకున్నా మనసు ఒప్పుకోలేదు.

వసారాలో తండ్రి మార్కండేయ పేపరు చదువుతున్నాడు. జూనియర్ కాలేజీలో ఫిజిక్స్ చెప్పి రిటైరైన మనిషి. నీట్ ఫలితాలు వచ్చాయంటే చుట్టుపక్కల మండలాల వాళ్లంతా పిల్లల్ని వెంటబెట్టుకొని ఆయన వసారాకే వస్తారు. ర్యాంకెంత, ఏ కోటా, ఆడపిల్లా మగపిల్లాడా అని అడిగి, నిరుటి కటాఫ్‌లూ అంతకు ముందటివీ చూసి, ఏ మెడికల్ కాలేజీలో సీటు వస్తుందో, ఆప్షన్లలో ఏది ముందు పెట్టాలో చెబుతాడు. పైసా తీసుకోడు. "సారు చెప్పిండంటే సీటొచ్చినట్టే" అని పేరు.

అలాంటి మనిషి సొంత బిడ్డ ర్యాంకు చూసి, "ఈసారి కష్టమే బిడ్డా, గింతల పోయేటట్టున్నది," అన్నప్పుడు ఇంట్లో ఎవరూ ఎదురు మాట్లాడలేదు. ఎట్లా మాట్లాడతారు? రాష్ట్రమంతా తిరిగొచ్చిన లెక్క ఆయనది. ఈ ఏటి కౌన్సెలింగ్ రెండు విడతల్లోనూ నిరోష ఆయన చెప్పిన కాలేజీలే పెట్టింది. రెండుసార్లూ సీటు రాలేదు.

జడ చివర రబ్బరు బ్యాండు వేస్తుండగా గేటు చప్పుడైంది. తాడ్వాయిలో చీరల దుకాణం పెట్టుకున్న రాజలింగు, ఆయన కూతురు సాయిశ్రీ వచ్చారు. రాజలింగు చేతిలో స్వీటు డబ్బా ఉంది. వస్తూనే వంగి మార్కండేయ కాళ్లకు దండం పెట్టాడు.

"పిల్లకు సీటొచ్చింది సార్. మీ పుణ్యమే."

"ఎక్కడొచ్చింది?" లోపలి నుంచి అడిగింది గౌరవ్వ. ఆమె మంచం నుంచి వసారా అంతా కనబడుతుంది.

"ఆసిఫాబాద్‌ల, అమ్మా. దూరమే అనుకో. మేమైతే పెట్టకపోదుము. సారే కోపం జేసిండు. దూరం గీరం సూడకు రాజలింగూ, డాక్టర్ సదువు రాష్ట్రంల యాడైనా డాక్టర్ సదువే అన్నడు. అందుకే అన్నీ పెట్టినం."

నిరోష దువ్వెన చేత్తో పట్టుకొనే గుమ్మంలోకి వచ్చింది. "నీ ర్యాంకెంత సాయిశ్రీ?"

సాయిశ్రీ చెప్పింది. నిరోష ర్యాంకు కన్నా అది చాలా వెనక ఉంది. ఇద్దరిదీ ఒకే కులం, ఒకే కోటా, ఇద్దరూ ఆడపిల్లలే. లెక్కలో తేడా రావడానికి ఎక్కడా సందు లేదు.

"నీకేడొచ్చిందక్కా?" ఆ పిల్ల సంబరంగా అడిగింది. పాపం, దానికేం తెలుసు.

"నాకు రాలే."

రాజలింగు మొహంలో నవ్వు ఆరిపోయింది. ఒకసారి సారు వంక, ఒకసారి నిరోష వంక చూశాడు. డబ్బాను కుర్చీలో పెట్టి, "ఆఖరి విడత ఇంకున్నది గద సార్," అని ఎవరి కళ్లలోకీ చూడకుండా అన్నాడు. చాయ్ కూడా తాగకుండా బిడ్డను బండెక్కించుకొని వెళ్లిపోయాడు.

మార్కండేయ పేపరు మడతపెట్టాడు. మళ్లీ విప్పాడు.

"బాపూ, ఆ పిల్లకు ఆసిఫాబాద్ చెప్పినవ్. నాకెందుకు చెప్పలే?"

"నీకు ఇంకా మంచిదొస్తదనుకున్న..."

"కష్టమని నువ్వే అన్నవ్ గద. కష్టమైతే కిందివి గూడ పెట్టాలె గద. ఇంటికొచ్చినోళ్లందరికీ అదే చెప్తవ్. ఒక్క కాలేజీ గూడ ఇడవద్దంటవ్."

"పెట్టినం గద బిడ్డా. కామారెడ్డి పెట్టినం. నిజామాబాద్, మెదక్, సిరిసిల్ల, సిద్దిపేట..."

అక్కడ ఆయన నోరు ఆగిపోయింది. తన పెదవుల మీది నుంచి ఊళ్ల పేర్లు ఒక్కొక్కటిగా రాలుతుంటే, ఆ ఊళ్లన్నిటికీ ఉన్న పోలిక ఏమిటో మొదటిసారి ఆయనకే వినపడింది. అన్నీ సాయంత్రానికి బస్సెక్కి ఇంటికి రాగలిగినవే.

"ఆగినవేంది? చెప్పు," అంది నిరోష. "గద్వాల, నారాయణపేట, భూపాలపల్లి. ఊరోళ్ల పిల్లలకైతే నిద్రల లేపినా చెప్తవ్ గద. సొంత బిడ్డకు వచ్చేసరికి మర్చిపోయినవా?"

"కావాలని చేయలే," అన్నాడు మార్కండేయ. ఇన్నేళ్లు క్లాసుల్లో మోగిన గొంతు ఇప్పుడు పక్కగది దాకా అతికష్టం మీద చేరింది. "నీ ర్యాంకు పట్టుకొని కూసున్నప్పుడు నా కండ్లు ఆడిదాకనే పోయినయ్. ఆ కిందికి పోలే. నువ్వు పోతే మీ అమ్మను ఎవరు సూస్తరని..."

"ఓ సారూ!" లోపలి నుంచి గౌరవ్వ పిలిచింది. "లోపలికి రా. ఇద్దరూ రాండ్రి."

ఇద్దరూ వచ్చి మంచం ముందు నిలబడ్డారు. గౌరవ్వ ఎడమచేత్తో మంచం పట్టె పట్టుకొని లేవాలని చూసింది. నిరోష సాయం చేయబోతే ఆ చెయ్యి తోసేసింది.

"నాది చెయ్యి వడ్డది, కాలు వడ్డది. నోరు వడలే గద. నన్నొక్కమాట అడిగితే చెప్పకపోదునా?"

"గౌరా, నీ గురించే..."

"నా పేరు తియ్యకు. నీకు చాయ్ పెట్టుకోరాదు, అన్నం వండుకోరాదు, నాకు బట్ట మార్చరాదు. ఆ భయమంత నీది. దాన్ని తెచ్చి నా మంచం మీద పెట్టినవ్." మాట ముద్దగా వస్తోంది, మధ్యమధ్య ఊపిరి తీసుకుంటోంది, అయినా ఆపలేదు. "రేపు ఇది నా అంత అయినంక ఏమంటది? మా అమ్మ వడ్డది, దాంతోటి నా సదువు గూడ వడ్డది అంటది. నేను సచ్చినంక గూడ దానికి అడ్డం పడి ఉండాల్నా?"

మార్కండేయ స్టూలు మీద కూలబడి భుజం మీది తువ్వాలు మొహానికి అడ్డం పెట్టుకున్నాడు. ఆయన ఏడవడం నిరోష ఎప్పుడూ చూడలేదు. తల్లి ఆసుపత్రిలో ఉన్నప్పుడు కూడా డాక్టర్లతో రక్తపోటు గురించి మాట్లాడాడే గానీ కన్నీళ్లు పెట్టలేదు. ఆ తువ్వాలు కదులుతుంటే నిరోషకు ఇంతసేపూ ఉన్న కోపం చేతికి దొరక్కుండా పోయింది. దాని చోట ఇంకేదో పైకి వచ్చింది. అది ఇంకా బరువైనది.

"బాపును ఒక్కణ్నే అనకమ్మా," అంది నిరోష నేల చూస్తూ. "ఆ కటాఫ్‌లు నాకు సూడరావా? ఆసిఫాబాద్ పేరు నేనూ చూసిన. నా ర్యాంకుకు వస్తదని తెలుసు. బాపు ఆ పేరు తియ్యకపోయేసరికి నేనూ ఊకున్న. నిన్ను ఇడిసిపెట్టి పోవుడు నాతోటి కాదనిపించింది. రేపు ఎవరన్నా అడిగితే బాపే వద్దన్నడని చెప్పొచ్చని..."

ఇప్పటిదాకా తండ్రిని నిలదీసిన పిల్ల ఇప్పుడు ఆయన పక్కనే నేల మీద కూర్చుంది.

గౌరవ్వ ఇద్దరినీ చూసింది. తిట్టడానికి ఇంకా చాలా ఉంది గానీ ఎవర్ని తిట్టాలో అర్థం కాలేదు.

"ఆఖరి విడత ఉన్నదన్నడు గద ఆ రాజలింగు," అంది చివరికి. "పెట్టుండ్రి. దూరంవన్నీ ముందు పెట్టుండ్రి. నర్సింగూ వద్దు, ఏదీ వద్దు. ఇయ్యాల్టి నుంచి నా పని ఈ సారు చేస్తడు. నిరోష ముట్టుకున్నదంటే నేను అన్నం తినను."

గౌరవ్వ మాటంటే మాటే. ఆఖరి విడత ఆప్షన్లు పెట్టి ఎదురుచూసిన రోజుల్లో మార్కండేయ అన్నం మాడ్చాడు, పప్పులో ఉప్పు మర్చిపోయాడు, భార్యకు నీళ్లు పోస్తూ తానే తడిశాడు. నిరోష గుమ్మం దగ్గర నిలబడి చేతులు కట్టుకొని చూడాల్సి వచ్చింది. తల్లికి స్నానం చేయించడం కన్నా, చేయించకుండా నిలబడటం ఆ పిల్లకు కష్టమైంది. అయినా కొన్నాళ్లకు అన్నం అన్నంలా ఉడకసాగింది.

సీటు మాత్రం రాలేదు. ముందు విడతల్లో తనకు అందగలిగిన వాటిల్లో ఎవరెవరో చేరిపోగా, మిగిలిన కొన్ని సీట్లు నిరోష కన్నా మంచి ర్యాంకుల దగ్గరే అయిపోయాయి. ఫోనులో ఫలితం చూసింది మార్కండేయే. తర్వాత వచ్చి బిడ్డ ఎదుట నిలబడ్డాడు.

"ఒక ఏడాది తిన్న నీది," అన్నాడు. "తిరిగి ఇయ్యలేను."

"నేనూ తిన్న బాపూ. సగం నాదే," అంది నిరోష. కోపం లేకుండా, ఓదార్పు కూడా లేకుండా అంది. ఉన్నది ఉన్నట్టు అంది.

హైదరాబాద్‌లో మళ్లీ కోచింగుకు పంపాలని గౌరవ్వే తేల్చింది. అప్పటికే క్లాసులు మొదలై చాలా రోజులైంది, ఇప్పుడు పోతే అందుకోవడం కష్టమని మార్కండేయ అనబోయి, భార్య చూపు చూసి ఊరుకున్నాడు. "వచ్చే ఏడు నీ ఆప్షన్లు నువ్వే పెట్టుకో. నేను పక్కన గూడ కూసోను," అని మాత్రం చెప్పాడు.

బయల్దేరే రోజు ముసురు పట్టింది. కామారెడ్డి దాకా బస్సులో దిగబెట్టి, అక్కడ హైదరాబాద్ రైలెక్కించి రావాలని మార్కండేయ సంచీ భుజానికేసుకొని వసారాలో నిలబడ్డాడు. ఆయన తిరిగొచ్చేదాకా కూర్చుంటానని పక్కింటి సాలవ్వ వచ్చింది. నిరోష చెప్పులేసుకొని, విడిచి, మళ్లీ లోపలికి వచ్చి తల్లి మంచం మీద కూర్చుంది.

"అమ్మా, నేను ఆడ ఉన్నప్పుడు నీకేమన్నా అయితే?"

"ఏమైతది?"

"నువ్వు లేకుంటే నేను..." అని ఆగింది. ఏడాదిగా లోపల ఉన్న మాట అది. పొద్దున పోయి సాయంత్రానికి రావాలనుకున్నది అందుకే. తిరిగొచ్చేసరికి తల్లి ఉండదేమోనన్న భయం తప్ప ఆ ర్యాంకుల లెక్కలో ఇంకేమీ లేదు.

గౌరవ్వ ఎడమచెయ్యి మెల్లగా తెచ్చి బిడ్డ మోకాలి మీద పెట్టింది.

"నేనెటు పోత బిడ్డా? నడవరాదు గద నాకు."

ముందు సాలవ్వ నవ్వింది. వసారాలో మార్కండేయ నవ్వాడు. నిరోష కూడా నవ్వింది, నవ్వుతూనే తల్లి పడిపోయిన భుజం మీద మొహం దాచుకొని వెక్కివెక్కి ఏడ్చింది. ఆ భుజానికి తడి తెలియదు. గౌరవ్వ అది చెప్పలేదు. మంచి చేత్తో బిడ్డ వీపు నిమురుతూ కూర్చుంది.

"ఏడువు. ఎంతసేపన్నా ఏడువు," అంది. "ఏడ్చుడైనంక మాత్రం పో."