పంపమంటారా?

గడియారాలు బాగుచేసేవాడి వేషంలో ఉన్న యువకుడు హోటల్ గది తలుపు తీశాడు. ఎదురుగా రూమ్ సర్వీస్ ట్రాలీ. దాని వెనక సైలెన్సర్ బిగించిన పిస్టల్. కోడ్ వర్డ్ అడగబోయి నోరు తెరిచాడు. అంతే.

ఆ గది నంబరు ప్రపంచం మొత్తమ్మీద ఒకే ఒక్క ఈమెయిల్‌లో ఉంది.

"లీక్ కాదు," అన్నాడు చీఫ్, కిటికీ బ్లైండ్స్ దించుతూ. "అడ్రస్ తప్పు."

ఎదురుగా కూర్చున్న ఏజెంటును డిపార్ట్‌మెంట్‌లో అందరూ డేగ అంటారు. చనిపోయినవాడు అతని తమ్ముడు.

"మన అడ్రస్ బుక్‌లో ఎవరో వేలు పెట్టారు. సరిహద్దు అవతలి మనవాళ్లందరికీ మెయిల్స్ వెళ్లే అడ్రస్‌లో ఎమ్ ఉన్నచోట ఆర్, ఎన్ పక్కపక్కన పెట్టారు. స్క్రీన్ మీద ఎమ్ లాగే కనిపిస్తుంది. మెయిల్ నేరుగా శత్రువు చేతికి వెళ్లింది."

"పంపిందెవరు?"

చీఫ్ బ్లైండ్స్ తాడు వదిలి ఇటు తిరిగాడు. "మీ మరదలు."

తమ్ముడి భార్య అక్కడే మెయిల్ డెస్క్ ఆపరేటర్. ఇంట్లో ఉంటే గోడలు మీద పడుతున్నాయంటూ ఈమధ్యే మళ్లీ డ్యూటీలో చేరింది.

"ఆ పిల్లకి తెలుసా?"

"తెలీదు."

"తెలియకూడదు సార్. మాటివ్వండి."

చీఫ్ తలూపాడు. "ఈ మధ్యాహ్నం సరిహద్దు అవతల నర్సుగా పనిచేస్తున్న మన ఏజెంటుకి, తప్పించుకొచ్చే పడవ వివరాలు పంపాలి. పొద్దున్నే ఆ దొంగ అడ్రస్ మళ్లీ బుక్‌లోకి వచ్చింది. తీసేస్తే పక్షి ఎగిరిపోతుంది. అందుకే టెక్నీషియన్ ఒక ఏర్పాటు చేశాడు. అనుమానం ఉన్న మెయిల్ పంపబోతే ముందు హెచ్చరిక వస్తుంది. మెయిల్ అక్కడే ఆగుతుంది. అది చూశాక కూడా పంపడానికి తొందరపడే చెయ్యి ఉంటుంది చూడండి, మనక్కావలసింది ఆ చెయ్యే."

నెరిసిన మీసం, గ్రీజు మరకల చొక్కా, నిచ్చెన. ఏసీ మెకానిక్ వేషంలో డేగ మెయిల్ డెస్క్ పక్కన నిచ్చెనెక్కి గ్రిల్ విప్పుతున్నాడు. కళ్లద్దాల ఫ్రేములో దాచిన కెమెరా కిందికి చూస్తోంది. మరదలు తలెత్తలేదు. చిక్కి సగమైంది. తమ్ముడి వాచీ ఆమె మణికట్టు మీద వదులుగా జారుతోంది.

ముందు సెంటు వాసన వచ్చింది, తర్వాత మనిషి. ట్రాన్స్‌లేటర్. ఆఫీసులో సగంమందికి నిద్రపట్టనివ్వని అందం. అంత్యక్రియలనాడు మరదల్ని పొదివి పట్టుకుని అందరికంటే ఎక్కువ ఏడ్చింది ఆవిడే.

"ఇంకా పంపలేదేంటమ్మా? చీఫ్ చిందులేస్తున్నాడు."

"అయిపోయిందక్కా." మరదలు బటన్ నొక్కింది.

స్క్రీన్ మీద ఎర్రటి పెట్టె తెరుచుకుంది.

"ఇదేంటి కొత్తగా?" అంటూ పైకి చదివింది. "ఈ అడ్రస్ మన సంస్థది కాదు. అసలు అడ్రస్‌కీ దీనికీ తేడా ఉంది. పంపమంటారా?"

"ఈ కంప్యూటర్లకి ప్రతిదానికీ అనుమానమే. అవుననెయ్."

"ఉండక్కా, కింద ఇంకేదో ఉంది..."

"టైమ్ లేదే తల్లీ, జరుగు!" వెండిరంగు గోళ్ల చెయ్యి మౌస్ మీదికి దూకింది. బాణం గుర్తు 'అవును' మీద వాలింది. వేలు లేచింది.

అది దిగేలోగా డేగ నిచ్చెన మీంచి దూకి ఆ మణికట్టు ఒడిసిపట్టుకున్నాడు.

"నొప్పి, మెకానిక్ గారూ," అంది ఆవిడ నవ్వబోతూ. అతని మీసం ఒకవైపు ఊడి వేలాడుతోంది. అది చూశాక నవ్వు ఆగిపోయింది.

"వాడు కూడా నిన్ను అక్కా అనే పిలిచేవాడు," అన్నాడు డేగ.

"మంచి కుర్రాడు. నాది ఉద్యోగం." గార్డులు వచ్చి తీసుకెళ్తుంటే ఆవిడ వెనక్కి తిరిగి చూడలేదు.

డేగ ఊపిరి పీల్చుకున్నాడు. మరదలు ఇంకా స్క్రీన్‌నే చూస్తోంది. పెట్టెలో అడుగున మరో వాక్యం ఉంది. టెక్నీషియన్ శ్రద్ధకొద్దీ చేర్చాడు. వద్దని అతనికి ఎవరూ చెప్పలేదు. 'ఈ అడ్రస్‌కి మీరు ఇంతకుముందు ఒకే ఒక్క మెయిల్ పంపారు.' పక్కనే తేదీ.

"బావగారూ, ఆ రోజు నేను పంపింది ఆయన గది నంబరే కదా?"

పాతికేళ్లుగా అబద్ధాలతో ప్రాణం నిలుపుకున్నవాడు డేగ. ఒక్కటంటే ఒక్కటి నోటికి రాలేదు.

"నీ తప్పేం లేదమ్మా."

"నొక్కింది నేనే కదా."

అతను ఆమె కుర్చీ పక్కన నేలమీద కూర్చున్నాడు. "లే తల్లీ, ఇంటికి పోదాం. ఇది ఇంకెవరైనా పంపుతారు," అన్నాడు.

"వద్దు. అవతల ఆ నర్సు ఎదురుచూస్తోంది. ఆవిడ కోసం కూడా ఇంట్లో ఎవరో ఎదురుచూస్తుంటారు."

కళ్లు తుడుచుకోకుండానే దొంగ అడ్రస్ చెరిపేసింది. ఒక్కో అక్షరం పైకి పలుకుతూ సరైనది కొట్టింది.

"మీరూ చూడండి."

చూశాడు.

"మళ్లీ చూడండి."

మళ్లీ చూశాడు. అప్పుడు నొక్కింది. ఎర్రపెట్టె రాలేదు. వేలు మాత్రం బటన్ మీద అలాగే ఉండిపోయింది.

చీకటి పడకముందే జవాబు వచ్చింది: 'మందులు అందాయి.' నర్సు పడవెక్కిందని అర్థం.

మర్నాడు టెక్నీషియన్ ఉత్సాహంగా ఎదురొచ్చాడు. "మా హెచ్చరిక ఎలా పనిచేసింది సార్? ఏమైనా లోపాలుంటే చెప్పండి."

"బ్రహ్మాండంగా పనిచేసింది," అన్నాడు డేగ. "కాస్త ఆలస్యంగా వచ్చింది, అంతే."