నున్నగా తిరిగిన కీలు

జగిత్యాల బస్టాండు వెనక గూఢచారి కరుణాకర్‌ను పొడిచి చంపేశారు. గంట తిరక్కముందే అతని మిషన్ ఏజెంట్ స్రవంతి నెత్తిన పడింది.

ఫోన్లో చీఫ్ గొంతు కరుకుగా ఉంది. "శాటిలైట్ సోలార్ ప్యానెల్ విప్పే కీలు. కరుణాకర్ సిరిసిల్ల మగ్గాల షెడ్డులో దాచాడు. మనది మాలిబ్డినం డైసల్ఫైడ్ పొడి పూసింది. శత్రువులు గ్రాఫైట్ పూసిన నకిలీని పక్కన చేర్చారు. రెండూ నల్లనివే."

"ఎట్ల గుర్తుపట్టాలె సార్?"

"బాగా పొడి గాలిలో తిప్పు. సులువుగా తిరిగేది మనది. తడి తగిలితే లెక్క తలకిందులు. నకిలీ అంతరిక్షానికి పోతే అక్కడ తడి లేక బిగుసుకుపోతుంది. సరిహద్దు మీద మన కన్ను పోయినట్టే. అక్కడ ల్యాబ్ ఆఫీసర్ కోడ్ చెప్పి కలుస్తుంది, మనదాన్ని నువ్వే పెట్టెలో పెట్టి సీలు కొట్టి ల్యాబ్ జీపుకు ఇవ్వు."

కోరుట్ల చీరల వ్యాపారి వేషంలో స్రవంతి షెడ్డు చేరింది. నల్ల కళ్లద్దాలు, హైహీల్స్, ఘాటైన సెంటుతో ల్యాబ్ ఆఫీసర్ రాధిక ఎదురొచ్చి అడిగింది.

"కొండగట్టు బస్సు పోయిందా?"

"మల్లాపూర్ల ఆగింది."

కోడ్ కలిసింది. రాధిక రెండు కీళ్లూ తిప్పి చూపింది. ఒకటి నున్నగా తిరిగింది, రెండోది కిర్రుమంది. "తడి పీల్చే మిషన్ పెట్టి గాలంతా ఆరబెట్టించాను. నున్నదే మనది."

స్రవంతి దాన్ని అందుకోబోతుండగా, మగ్గాల వెనక నుంచి షెడ్డులో పనిచేసే ఐలమ్మ చెంబుతో వచ్చింది. "పైలం బిడ్డ, జారుతది. నూలు తెగకుంట గిప్పుడే నీళ్లు చల్లిన."

తడి! అంటే నున్నగా తిరిగిందే నకిలీ! స్రవంతి చెయ్యి వెనక్కి తీసుకుంది. అదే క్షణంలో, కొంగు చాటున రాధిక పిస్టల్ ఆమె నడుముకు ఆనింది.

"నున్నదే పెట్టెలో పెట్టి సీలు కొట్టు."

బయట ల్యాబ్ జీపు హారన్ కొట్టింది. కరుణాకర్ లాగే తననూ చంపేస్తారని స్రవంతికి అనిపించింది. అయినా చీర పరిచి, రెండు కీళ్లూ దాని కింద చేర్చి, దుకాణంలో మడతపెట్టినట్టే మడతలు వేసింది. మడతల చాటున కిర్రుమనేదాన్ని కదలకుండా పిడికిట బిగించింది. చిన్న చప్పుడొచ్చినా ప్రాణం పోయేదే. పెట్టెలో పడేసి, మూత వేసి, సీలు కొట్టింది. జీపు డ్రైవర్ లోపలికొచ్చి పెట్టె పట్టుకుని వెళ్లిపోయాడు.

రాధిక నవ్వుతూ చీరలో మిగిలిన కీలు తీసి తిప్పింది. చప్పుడు లేదు, నున్నగా తిరిగింది. ఆమె ముఖం పాలిపోయింది.

జీపు కోసం హైహీల్స్‌తో పరుగెత్తి, రెండో అడుగుకే వెల్లకిలా పడింది. పిస్టల్ మగ్గం కిందికి దొర్లింది. స్రవంతి దాన్ని అందుకుని గురిపెట్టింది.

ఐలమ్మ చెంబు పట్టుకుని తీరిగ్గా చూసింది.

"ముందుగాలనే చెప్పిన గద బిడ్డ, జారుతదని!"