రొట్టె తీసుకోని అమ్మాయి

మారెన్‌కీ నాకూ మొదటి గొడవ రెండు వందల మంది ఎదుట జరిగింది. ఇద్దరం ఒక్క మాట కూడా మాట్లాడలేదు.

నేను వేదిక మీద నిలబడి చెయ్యి ఊపుతూ పాట నడిపిస్తున్నాను. ఆమె ఆర్గన్ వాయిస్తోంది. ఎఫ్రాయిమ్ అనే మా చిన్న ఊళ్ళో మా వార్డు, అంటే మా పేటలోని మోర్మన్ క్రైస్తవ సంఘం, పాటల్ని ఎంత నెమ్మదిగా పాడుతుందంటే, ఒక చరణం అయ్యేలోపు చంటిపిల్లలకి పళ్ళొస్తాయి. సాల్ట్ లేక్ నగరం నుంచి కొత్తగా వచ్చిన ఆ అమ్మాయికి ఈ సంగతి ఎవరూ చెప్పలేదు. నా చెయ్యి రెండో పాదంలో ఉండగానే ఆమె మూడోది ముగించేసింది. జనం కాసేపు నా వెంట, కాసేపు ఆమె వెంట నడిచి, చివరికి నన్ను నడిరోడ్డులో వదిలేశారు.

ఆరాధన అయ్యాక మర్యాదగా దగ్గరికి వెళ్ళాను.

“సిస్టర్ ల్యూండ్, ఇంట్లో పొయ్యి మీద ఏమైనా పెట్టి వచ్చారా?”

“లేదు బ్రదర్ ఓల్‌సన్. అది సంతోషం గురించిన పాటే కదా? మీ చెయ్యి చూసి ఎవరో పోయారేమో అనుకున్నాను.”

ఆ తర్వాత మా ఇద్దరినీ శనివారాలు కలిసి సాధన చేయమని బిషప్ ఆజ్ఞాపించాడు. మాలో బిషప్‌కి జీతం ఉండదు; మా బిషప్ వారమంతా ట్రాక్టర్లు అమ్ముకునే మనిషి. ఏది దేనికి సరిపోతుందో ఆయనకి బాగా తెలుసు.

మారెన్ ఊళ్ళో పశువుల డాక్టరు దగ్గర పనిచేసేది. నాది టర్కీ కోళ్ళ ఫారం. శనివారం నేను వెళ్ళగానే ముందు నా జుట్టులోంచి ఈక తీసి, తర్వాతే పాట మొదలుపెట్టేది. కొన్నాళ్ళకి నేను అద్దం చూసుకోవడం మానేశాను. ఈక ఉంటే ఉండనీ అనిపించేది.

అలా మూడు నెలలు గడిచాక గానీ నేనొకటి గమనించలేదు.

ప్రతి ఆదివారం ఆరాధనలో క్రీస్తు గుర్తుగా పంచే రొట్టె ముక్కల పళ్ళెం వేదిక మీద మా బెంచీకి కూడా వస్తుంది. మారెన్ దాన్ని రెండు చేతులతో అందుకునేది. ఏమీ తీసుకోకుండా నా వైపు జరిపేది. దాని వెనకే వచ్చే నీళ్ళ విషయంలోనూ అంతే. మాలో ఎవరైనా రొట్టె తీసుకోలేదంటే ఏదో పెద్ద పాపం చేసి ఉంటారని లెక్క. ఎవరూ అడగరు. ఊహించుకోవడం మాత్రం మానరు.

నేనూ ఊహించాను. మూడు వారాలు నిద్ర చెడగొట్టుకుని మరీ ఊహించాను. చివరికి పెద్ద మనసు చేసుకుని, మా అమ్మ చేసిన అరటిపండు కేకు పట్టుకుని శనివారం వెళ్ళాను. మీరేం చేసినా దేవుడు క్షమిస్తాడు, నేను కూడా క్షమించేశాను అని చెప్పాను.

మారెన్ వాయించడం ఆపింది.

“మీరు కూడానా? అమ్మయ్య. ఇంతకీ నేనేం చేశానంటారు?”

నెవాడాలో ఒక మొగుణ్ణి వదిలేసి వచ్చారేమో అని నసిగాను. ఆమె నవ్వి నవ్వి ఆర్గన్ మీదికి వాలిపోయింది. మెట్లన్నీ ఒక్కసారిగా మోగి చర్చి దద్దరిల్లింది. నవ్వు ఆగాక కళ్ళు తుడుచుకుంది. ఎందుకో అప్పుడు పేరు పెట్టి పిలిచింది.

“రొట్టె తీసుకుంటే మాట ఇచ్చినట్టు కదా హీబర్, ప్రభువుని ఎప్పుడూ తలుచుకుంటాననీ, చెప్పినట్టు నడుచుకుంటాననీ. అసలు ఆయన ఉన్నాడో లేదో రెండేళ్ళుగా నాకు తేలడం లేదు. తేలకుండా మాటెలా ఇవ్వను? ఊరికే నమిలి మింగెయ్యడానికి మనసొప్పదు.”

“మరి ప్రతి వారం రావడం దేనికి?”

“వీళ్ళు నా వాళ్ళు కాబట్టి. ఈ పాటలు నావి కాబట్టి. బిషప్‌కి మొదటిరోజే చెప్పేశాను. ఆర్గన్‌కి నమ్మకంతో పనిలేదమ్మా, పది వేళ్ళుంటే చాలన్నాడు.”

నాకు సిగ్గేసింది. చిన్నప్పటినుంచీ రొట్టె నములుతూ నేను ఆలోచించేది కోళ్ళ దాణా గురించి. ఆ మాటకి అంత బరువుందని, దాన్ని ఇవ్వలేనన్న మనిషి వల్ల తెలిసింది.

ఆ రోజు నుంచి మా సాధన పెరిగింది, పాటలు మాత్రం ఏమీ బాగుపడలేదు. ఏప్రిల్‌లో ఒక సాయంత్రం వాన పట్టుకుంటే ఆమె కారులో ఇరుక్కుపోయాం. అద్దాల మీద ఆవిరి పట్టింది. ఇద్దరం ఏవో కోళ్ళ జబ్బుల గురించి చాలా శ్రద్ధగా మాట్లాడుకుంటున్నాం. ఉన్నట్టుండి నేను, నన్ను పెళ్ళి చేసుకుంటావా అన్నాను.

ఆమె అద్దం మీది ఆవిరిని అరచేత్తో తుడిచింది.

మాలో పెళ్ళంటే టెంపుల్‌లో, అంటే చర్చి కాక వేరుగా ఉండే మా పవిత్ర మందిరంలో జరగాలి. అక్కడ వేసిన ముడి చావుతో కూడా తెగదని మా నమ్మకం. కానీ బిషప్ ఎదుట కూర్చుని, నమ్ముతున్నానని చెప్పి అనుమతి పత్రం తెచ్చుకుంటేనే, పెళ్ళి చూడ్డానికైనా సరే, లోపలికి వెళ్ళనిస్తారు.

“ఒక్క అబద్ధం ఆడితే అందరికీ సుఖం,” అంది మారెన్. “ఆడమంటావా?”

“అనను.”

“అనవని తెలుసు. అందుకే వద్దంటున్నాను. నీకు శాశ్వతం కావాలి హీబర్. అది నా దగ్గర లేదు. నా వల్ల నీది కూడా పోతే నేను భరించలేను.”

తర్వాతి ఆదివారం ఆర్గన్ దగ్గర మారెన్ లేదు. తనని తప్పించమని బిషప్‌ని అడిగిందట, నెలాఖరుకి సాల్ట్ లేక్ వెళ్ళిపోతోందట. ఆ రోజు పాటలు నా చెయ్యి ఎంత చెబితే అంత నెమ్మదిగా సాగాయి. జీవితంలో అంత బెంగ నేనెప్పుడూ పడలేదు.

మా అమ్మ డార్లీన్ వారం పాటు నన్ను గమనించింది. ఐదుగురు పిల్లల్లో నేనే చివరివాణ్ణి. మిగతా నలుగురివీ టెంపుల్ పెళ్ళిళ్ళే. సోమవారం వంటింట్లో బంగాళాదుంపలు చెక్కు తీస్తూ, ఏమైందిరా అంది. అంతా చెప్పాను. ఆమె తల ఎత్తలేదు.

“నా పెళ్ళప్పుడు మా నాన్న టెంపుల్ బయట ట్రక్కులో కూర్చున్నాడు. మనలో కూడదన్న కాఫీ మానలేదని పత్రం ఇవ్వలేదు. నేను బయటికొచ్చేసరికి కొత్త సూటేసుకుని, ఫ్లాస్కు పట్టుకుని నిలబడి ఉన్నాడు. బాగా జరిగిందా తల్లీ అని అడిగాడు. కూతురి పెళ్ళి ఎలా జరిగిందో కూతుర్నే అడిగాడురా.”

ఇంకో దుంప చేతిలోకి తీసుకుంది.

“నువ్వు టెంపుల్‌లో చేసుకోకపోతే నేను ఏడుస్తాను. ముందే చెప్తున్నా. ముందు వరసలో కూర్చునే ఏడుస్తాను. కానీ ఇంకొకరిని బయట కూర్చోబెట్టడం మాత్రం నా వల్ల కాదు. వెళ్ళు, ఆ పిల్ల ఊరు దాటేలోపు వెళ్ళు.”

వానలో తడుస్తూనే వెళ్ళాను. మారెన్ చూరు కింద వరండా మెట్ల మీద కూర్చుని పుస్తకాల పెట్టెకి టేపు వేస్తోంది. దారిపొడవునా కూడబెట్టుకున్న మాటలన్నీ ఆమెని చూడగానే ఎటో పోయాయి. ఉన్నవే చెప్పాను.

“నా నమ్మకం పోలేదు మారెన్. శాశ్వతం ఉందనే అనుకుంటున్నాను. అందులో నువ్వు ఉండవేమోనని వారం నుంచి భయంతో చస్తున్నాను. కానీ ఆ భయానికి రేపటి మంగళవారం నుంచే నిన్ను వదిలేసుకోవడం ఏం తెలివో నాకు అర్థం కావడం లేదు. నువ్వంటే నాకు ప్రాణం.”

“నన్ను మార్చమని దేవుణ్ణి అడగవా?”

“అడుగుతాను. రోజూ అడుగుతాను. నీకు వినబడకుండా.”

ఆమెకి నవ్వు రాబోయి ఆగిపోయింది. 

“నేను చివరిదాకా నమ్మకపోతే?”

“చివరిదాకా నాతోనే ఉన్నావని అర్థం.”

మారెన్ టేపు చుట్ట కింద పెట్టి, మెట్టు మీద పక్కకి జరిగి నాకు చోటిచ్చింది.