జానెడు తక్కువ

ఆ వీధి చివరి పెట్టెల కొట్టు ముందు నుంచి చీకటి పడ్డాక ఎవరూ నడిచేవారు కాదు. ఎంత తొందర పనైనా చుట్టూ తిరిగి వెళ్ళేవారు. చనిపోయినవాళ్ళకి పెట్టెలు చేసే కొట్టు అది. మేస్త్రి ఉన్నంతకాలం దానికి భయపడినవాళ్ళు లేరు. మేస్త్రి పోయి, తలుపుకి తాళం పడ్డాకే మొదలైంది — లోపల్నుంచి చప్పుడు.

టక్... టక్... టక్.

కాసేపు ఆగి మళ్ళీ... టక్... టక్... టక్.

"బతికుండగా చెప్పిన టైముకి ఒక్క పెట్టె ఇచ్చిన పాపాన పోలేదు. ఇప్పుడు చూడు, రాత్రి డ్యూటీ కూడా చేస్తున్నాడు," అని ఇస్త్రీ కొట్టావిడ నవ్వేది. నవ్వేది గానీ, పొద్దు వాలకముందే తన తలుపు బిగించుకునేది.

ఆ నవ్వు భరించలేని మనిషి ఒకతె ఉంది. మేస్త్రి అక్క. తమ్ముడు చెక్క కొడితే, పెట్టె లోపల పరిచే తెల్లగుడ్డ ఆవిడ కుట్టేది. వాళ్ళమ్మ పోయేదాకా ఇద్దరూ ఒక్క చెయ్యిలా పని చేసుకున్నారు.

అమ్మ పోయినరోజు తమ్ముడు పీకలదాకా తాగి కొలత తీశాడు. పెట్టె జానెడు తక్కువైంది. ఇంకోటి చేసే వ్యవధి లేదు. అమ్మ మోకాళ్ళు మడిచి మూత వేశారు. మడిచింది అక్కే, తన చేతుల్తో.

ఆ తర్వాత ఆవిడ వాడితో మాట్లాడలేదు. గుడ్డ కుట్టి కొట్టు గుమ్మంలో పెట్టి వచ్చేసేది. అలా ఏళ్ళు గడిచాయి.

ఒక సాయంత్రం, వాన పడుతుండగా, తమ్ముడు ఆవిడ తలుపు తట్టాడు.

"అక్కా... నన్ను పాస్టరుగారి దగ్గరికి తీసుకెళ్ళవే. ఒక్కణ్ణే వెళ్ళాలంటే కాళ్ళు రావడం లేదు."

ఆవిడ గడియ తీయలేదు. "వెళ్ళి ఏం చెప్పుకుంటావురా?"

"అమ్మ సంగతి... దేవుడి ముందు ఒప్పుకుంటానే. నువ్వు పక్కనుంటే చాలు."

"నీలాంటివాణ్ణి దేవుడు కూడా గుమ్మం ఎక్కనివ్వడు. తాగింది దిగేదాకా పోయి పడుకో."

వానలోనే తలుపు మీద మెల్లగా — టక్... టక్... టక్. అడుగులు వెళ్ళిపోయాయి.

తెల్లారి చూస్తే వాడు కొట్టులో చెక్కపొట్టు మీద పడి ఉన్నాడు. ప్రాణం లేదు. ఒళ్ళు కడిగినవాళ్ళు చెప్పారు — వాడి దగ్గర మందు వాసనే లేదని.

అందుకే వీధంతా దెయ్యం, దెయ్యం అంటుంటే ఆవిడకి మాత్రం ఆ చప్పుడు తెలిసిన చప్పుడే. వాడింకా ఏదో తలుపు దగ్గర నిలబడి ఉన్నాడు... తీసేవాళ్ళు లేక. అక్కడ నిలబెట్టింది తను.

ఉండబట్టలేక ఒకరోజు చీకట్లో తాళంచెవి, టార్చి పట్టుకుని వెళ్ళింది. తలుపు నెట్టింది. పచ్చి చెక్క వాసన. ఎక్కడో మూల నుంచి...

టక్... టక్...

"ఒరేయ్..." అంది.

టార్చి వేసింది. కిటికీ రెక్క విరిగి ఉంది. ఆ పక్కన దూలానికి తాడుతో వేలాడదీసిన తమ్ముడి కొయ్య సుత్తి, గోడకి ఆనించిన చెక్కల ముందు గాలికి ఊగుతోంది. అటూ... ఇటూ...

గాలి! ఇంతేనా! సుత్తిని తాడుతో సహా తీసి, కొంగులో చుట్టుకుని, వెనక్కి చూడకుండా ఇంటికొచ్చి పడింది.

మళ్ళీ చప్పుడు లేదు.

"ఏం వదినా, దెయ్యాన్ని కొంగున కట్టి తెచ్చావటగా! మా ఆయన్ని కూడా ఓసారి అలా కట్టి పెడుదూ," అంది ఇస్త్రీ కొట్టావిడ. వీధి మళ్ళీ దారిలో పడింది.

ఆవిడకి మాత్రం నిద్ర లేదు. చప్పుడు వాడిది కాదు సరే... మరి వాడెక్కడ? చివరికి పాస్టరుగారి దగ్గరికి తనే వెళ్ళింది. ఆయన చర్చిలో బల్లలు తుడుచుకుంటున్నారు. ఆ వాన సాయంత్రం సంగతంతా చెప్పి అడిగింది.

"తలుపు దాకా వచ్చి తిరిగిపోయినవాడికి చోటుంటుందాండీ?"

ఆయన తుడవడం ఆపారు. "వాడు ఇటు ఒక్క అడుగు వేస్తే, అటునుంచి పరుగెత్తుకొచ్చే తండ్రమ్మా దేవుడు. ఆ వానలోనే వాణ్ణి కావలించుకుని ఉంటాడు."

"మరి... తలుపు తీయనిదానికి?"

"నీ తలుపూ తడతాడు. వినపడినప్పుడు తీయి."

వినపడినప్పుడు! వినపడిందిగా... ఇన్నాళ్ళూ వినపడింది. తనే వెళ్ళి ఆపేసి వచ్చింది. కాదు, కాదు, గాలి అది. కళ్ళారా చూసింది.

ఆ మాట రూఢి చేసుకోవడానికే ఆవిడ మళ్ళీ కొట్టుకి వెళ్ళింది. చెక్కలు కదపకుండా, సుత్తిని దూలానికున్న మేకుకి అదే తాడుతో తగిలించింది. చెక్కపొట్టులో కూర్చుని ఎదురుచూసింది.

గాలి వచ్చింది. సుత్తి ఊగింది.

చప్పుడు లేదు.

గాలి పెరిగింది. సుత్తి బాగా ఊగింది... చప్పుడు లేదు.

లేచి టార్చి దగ్గరగా పట్టింది. సుత్తి ఊగి వచ్చి ఆగినచోటికీ చెక్కకీ మధ్య చెయ్యి పెట్టి చూసింది. బొటనవేలు నుంచి చిటికెనవేలు దాకా సరిపోయింది.

జానెడు. అమ్మ పెట్టెకి తక్కువైనంత.

ఆ సుత్తి ఏనాడూ చెక్కని తాకలేదు. తాకదు కూడా.

మరి... తట్టిందెవరు?

"తీస్తాను... తలుపు తీస్తాను," అంటూ ఆవిడ మోకాళ్ళ మీద పడింది. తమ్ముడితో అందో, దేవుడితో అందో ఆవిడకే తెలియదు. సుత్తి ఊగుతూనే ఉంది, నోరు లేనిదానిలా.

ఇప్పుడు పెట్టెల కొట్టంటే ఎవరికీ భయం లేదు. అక్క ఇంటి ముందు నడవాలంటేనే భయం. వానైనా, చలైనా, ఆవిడ తలుపు బార్లా తీసి, గుమ్మం వైపు చెవి పెట్టుకుని కూర్చుంటుంది. పొరపాటున అటు వెళ్ళేవాళ్ళ అడుగు వినపడితే చాలు, చీకట్లోంచి సన్నగా ఒక గొంతు —

"తీసే ఉందండీ... ఒక్కసారి... ఒక్కసారి తట్టండి..."