వెనక ఎడమ తలుపు

మాది చెరుకుపల్లి. రేపల్లె రోడ్డు మీద రేకుల షెడ్డు నాది. పన్నెండో ఏట లారీ క్లీనరుగా ఎక్కాను. ఇప్పుడు అరవై ఏడు. మధ్యలో యాభై ఏళ్ళు ఇతరుల బండ్ల కింద వెల్లకిలా పడుకునే గడిచాయి. ఎవడెవడో తిట్టిన తిట్లు, మొహం మీద కారిన ఆయిలు, అదే నా చదువు. అందుకే బండ్ల గురించి నాకెవరన్నా పాఠం చెప్పబోతే ఒళ్ళు మండుతుంది.

మా అబ్బాయి వాసిం చెప్పబోయాడు.

"ఈ వయసులో స్పీడు కారేంటి అబ్బాజాన్? రోజూ తెనాలి వెళ్ళి రావడానికేగా. చిన్నదేదన్నా తీసుకో."

"నువ్వు పుట్టకముందే ఇంజన్లు విప్పినవాణ్ణిరా. పోయి నీ పని చూసుకో."

తెనాలి వెళ్ళేది మనవరాలు సుమయా కోసం. ఆరేళ్ళు. పుట్టుకతోనే ఎడమ కాల్లో బలం లేదు. మోకాలి దాకా బ్రేసు, దానికి మూడు తోలు పట్టీలు. రోజూ కాలికి వ్యాయామం చేయిస్తే రెండేళ్ళలో బ్రేసు లేకుండా నడుస్తుందని తెనాలి డాక్టరమ్మ చెప్పింది. ఒక్కరోజు కూడా మానకూడదంది. బస్సులో పిల్ల నిలబడలేదు. ఆటో కుదుపులకి ఏడుస్తుంది. కారు కావాలన్నది పిల్ల కోసం. ఆ కారే కావాలన్నది నా కోసం. అది ఒప్పుకోవడానికి నాకు సిగ్గు లేదు.

జపాన్ కంపెనీ సెడాన్. పదిహేనేళ్ళ పాతది, ముదురు నీలం. అమ్ముతున్నది బాపట్లలో పాత కార్ల బేరగాడు చిట్టిబాబు. బానెట్ ఎత్తి ఇంజన్ స్టార్ట్ చేయించాను. నా బతుకంతా విన్న ఇంజన్లు దగ్గేవి, అరిచేవి. ఇది గుర్రుమంది. అక్కడే మనసు పారేసుకున్నాను.

అయినా వదలకుండా చూశాను. నీళ్ళలో మునిగిన బండిని రంగు వేసి అమ్మే దొంగలు చాలామంది. నాకు తెలిసిన పరీక్ష ఒకటుంది. సీటు బెల్టుని చివరికంటా లాగాలి. కారుని ఎంత కడిగినా బెల్టు చుట్ట లోపల కడగరు. మునిగిన బండైతే అక్కడ బురద చార ఉంటుంది. ముందు రెండూ లాగాను. శుభ్రం. వెనక కుడిది లాగాను. శుభ్రం.

వెనక ఎడమ సీట్లో చిట్టిబాబు కూర్చుని ఉన్నాడు. నేను వచ్చిన దగ్గర్నుంచీ అక్కడే. టీ తాగుతున్నాడు.

"చూసుకోండి బాబాయ్, తీరిగ్గా చూసుకోండి. నడుం నెప్పి, నేను లేవలేనండి."

మూడు చూశాక నాలుగోది ఎందుకులే అనుకున్నాను. యాభై ఏళ్ళ అనుభవం అక్కడ గడ్డి తింది. ఆఖరికి వాడు దిగడానికి కూడా నన్నే పిలిచాడు.

"తలుపు బయటనుంచి తీయండి బాబాయ్. చైల్డ్ లాక్ పడి ఉంది. లోపలనుంచి రాదు."

కారు కొని ఇంటికి తెచ్చిన రోజు సుమయా సీటు మీద ఎగిరెగిరి నవ్వింది. ముందు పై పళ్ళు రెండూ అప్పుడే ఊడాయి. మా ఆవిడ కరీమాబీ నన్నూ పిల్లనీ చూసి, "తాతకీ మనవరాలికీ కలిపి ముప్పై పళ్ళు లేవు గానీ, కారు షోకు చూడండి" అంది.

మూడు వారాలు హాయిగా తిరిగాం. రెండో గేర్లో తొక్కితే వీపు సీటుకి అతుక్కునేది. పిల్ల కేరింతలు కొట్టేది.

ఒక్కటే చికాకు. ఆ చైల్డ్ లాక్. తలుపు అంచున చిన్న మీట అది. తలుపు తెరిస్తేనే వేలికి అందుతుంది. మొదటి రోజు వెనక కూర్చున్న కరీమాబీ దిగలేకపోయిందని, దాన్ని పైకి జరిపి లాక్ తీశాను. మర్నాడు కిందికి ఉంది. మళ్ళీ జరిపాను. మళ్ళీ కిందికి.

"ఎవడ్రా తలుపు తీసింది?" అని వాసిం మీద అరిచాను.

"తాళం నీ జేబులోనే ఉంది కదా అబ్బాజాన్" అన్నాడు.

ఇంకోటి కూడా ఉంది. అప్పుడు పట్టించుకోలేదు. సుమయా ఎప్పుడూ కుడివైపుకి ఒదిగి కూర్చునేది. కరీమాబీ ముందు సీట్లో కూర్చునేది కాబట్టి వెనక ఎడమవైపంతా ఖాళీ.

"ఇటు జరగవే, మొత్తం నీదేగా" అంటే తల అడ్డంగా ఊపేది.

"జాగా ఉంచాలి దాదా" అనేది.

ఆదివారం సాయంత్రం తెనాలి నుంచి వస్తున్నాం. ఆ రోజు కరీమాబీకి జ్వరం, ఇంట్లోనే ఉంది. నేనూ పిల్లా మాత్రమే. పొద్దు వాలుతోంది. దారి పొడుగునా కారుకి బురద కొట్టుకుంది. మా వైపు డ్రైవర్లందరం చేసే పనే నేనూ చేశాను. కాలువ రేవులో కారుని వెనక్కి దింపాను. వెనక చక్రాలు సగం మునిగేదాకా. న్యూట్రల్. హ్యాండ్ బ్రేకు. చక్రాల వెనక ఇటుకలు పెట్టాను. సుమయా బ్రేసు విప్పేసి నిద్రపోతోంది. ఉక్కగా ఉందని ఇంజన్, ఏసీ ఆపలేదు.

రేవులో ఎవరూ లేరు. నాచు వాసన. కుళ్ళిన గడ్డి వాసన. దూరంగా వరి చేలల్లో మోటారు ఆగిపోయింది. నేను బకెట్టుతో నీళ్ళు కొడుతున్నాను.

టక్.

నాలుగు తలుపులూ ఒక్కసారే లాక్ పడ్డాయి.

పిల్ల లేచి లాక్ బటన్ నొక్కిందేమో అనుకున్నాను. అద్దంలోంచి చూశాను. పిల్ల కదల్లేదు. కుడి మూల ఒదిగి, నోరు తెరిచి నిద్రపోతోంది.

కారు కదిలింది.

ఇటుకలు చక్రాల కింద కరకర నలిగాయి... నేను భుజం ఆనించాను. ఆగలేదు. తొందర లేకుండా, మెల్లగా, వెనక్కి... డిక్కీ మునిగింది. నీళ్ళు వెనక తలుపుల సగానికి వచ్చాయి.

"సుమయా! లే అమ్మా! సుమయా!"

లేవలేదు.

రేవు మెట్టు దగ్గర ఇటుక దొరికింది. డ్రైవరు వైపు అద్దం మీద కొట్టాను. ఒకసారి. రెండుసార్లు. మూడోసారికి పగిలింది. చెయ్యి తెగింది. లోపలికి వంగి హ్యాండ్ బ్రేకు పట్టుకున్నాను... అది బిగించే ఉంది. నేను ఎలా లాగానో అలాగే.

సీట్ల మధ్యనుంచి పిల్లని జబ్బ పట్టి లాక్కున్నాను. ఒడ్డుకి చేరాను. వెనక్కి తిరిగాను.

కారు ఆగిపోయింది. ఇంజన్ గుర్రుమంటూనే ఉంది.

అప్పుడు గుర్తొచ్చింది, బ్రేసు లోపలే ఉండిపోయింది. దాన్ని కాలి కొలతకి చేయించడానికి నాలుగు నెలలు పట్టింది. అది లేకపోతే వ్యాయామం లేదు, నడక లేదు. పిల్లని మెట్టు మీద కూర్చోబెట్టి నడుం లోతు నీళ్ళలోకి దిగాను. బ్రేసు ఎడమ సీట్లో ఉంది. ఎడమ తలుపు పిడి పట్టుకున్నాను. నేను లాగలేదు... తలుపే నా వైపు వచ్చింది.

బ్రేసు మీదుగా సీటు బెల్టు పెట్టి ఉంది. బకిల్ పడి ఉంది. ఖాళీ సీటు. కానీ బెల్టు వదులుగా లేదు. ముందుకి వంగి తన్నుకుంటున్న పిల్లని పట్టి ఉంచినట్టు... గాల్లో బిగిసి నిలబడింది.

బ్రేసు తీయాలంటే బెల్టు విప్పాలి. విప్పాను.

బెల్టు వెనక్కి చుట్టుకోలేదు, చుట్ట లోపలి భాగమంతా బయటికొచ్చింది. చివర బురద చార. ఆ చార పైన, బెల్టు అంచున, వరసగా గాట్లు. ఎవరో కొరికారు. చిన్న నోరు. ముందు పళ్ళు రెండూ వెడల్పుగా, పక్కపక్కనే పడ్డాయి.

బ్రేసు చంకన పెట్టుకుని, పిల్లని ఎత్తుకుని రోడ్డెక్కాను. వాసిం ట్రాక్టరు తెచ్చి కారుని లాగించాడు. ఇంటికి రాగానే చిట్టిబాబుకి ఫోన్ చేశాను.

"ఒరేయ్, మునిగిన బండిని నాకు అంటగడతావా? అందులో ఎవరు పోయారో చెప్పు. లేకపోతే ఇప్పుడే వచ్చి నీ పీక పిసుకుతా."

అటువైపు తలుపు మూసిన చప్పుడు వినిపించింది.

"కర్లపాలెం వైపు రేవులో కడుగుతుంటే జారింది బాబాయ్. పాప లోపల నిద్రపోతోందంట... తలుపు రాలేదంట." గొంతు బాగా తగ్గించాడు. "బాబాయ్... ఆ బెల్టు మీరు విప్పలేదు కదా?"

"విప్పాను. ఏం?"

"దాన్ని ఎవరూ విప్పకూడదనేనండి నేను... ఆ సీట్లోంచి లేవనిది." ఫోన్ పెట్టేశాడు. మళ్ళీ ఎత్తలేదు.

మర్నాడు పొద్దున, షెడ్డు ముందు వాసిం నిలబెట్టిన కారు ఎడమ తలుపు తెరిచి చూశాను. చైల్డ్ లాక్ మీట పైకి ఉంది. మొదటిసారి, నేను జరపకుండా. పీడ పోయింది అనుకున్నాను. ఆటో అయినా సరే, పిల్లని తెనాలి తీసుకెళ్దామని లోపలికి వెళ్ళాను. సుమయా బెంచీ మీద కూర్చుని ఇడ్లీ తింటోంది. ఓ చివరకి ఒదిగి.

కరీమాబీ బ్రేసు పట్టుకుని వచ్చింది.

"రాత్రి దీన్ని మంచం కోడుకి తగిలించానండి. చూడండి, మీ మనవరాలు పట్టీలన్నీ ఎలా కొరికిపెట్టిందో."

తీసుకుని చూశాను. మూడు తోలు పట్టీల అంచునా వరసగా గాట్లు. ముందు పళ్ళు రెండూ వెడల్పుగా, పక్కపక్కనే.

"సుమయా, ఇలా రా. ఏదీ, నోరు తెరువు" అన్నాను.

తెరిచింది. ముందు పై చిగురు నున్నగా ఉంది. కొత్త పళ్ళు ఇంకా మొలవనే లేదు.